పై రూము నీళ్లు

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఫ్లాటు తలుపు ఎవరో కొట్టారు. తీస్తే కింది అంతస్తు ఆవిడ. నైటీ మీద చున్నీ వేసుకుని, చేతిలో చీపురుతో నిలబడి ఉంది. పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది.

"అక్కా, ఏమనుకోకుండ్రి. మీ నీళ్లు మా ఇంట్ల పడ్తున్నయి" అంది.

పాపం, ఆవిడ మెల్లగానే చెప్పింది. నాకు మాత్రం ముఖం భగ్గుమంది. తప్పయిపోయిందన్నాను, ఇవాళే ప్లంబర్‌ని పిలిపిస్తానన్నాను, లోపలికొచ్చి కూర్చోమన్నాను, చాయ్ పెడతానన్నాను. నా కంగారు చూసి ఆవిడే భయపడి, అంత పరేషాన్ కావద్దక్కా అంటూ దిగి వెళ్లిపోయింది. లోపల్నుంచి మావారు వచ్చి, ఏం కొంప మునిగిందని అడిగారు. ఏమీ మునగలేదు. ఆ మాట నేను ఇంతకు ముందు విన్నాను, అంతే. అప్పుడు మేం కింద ఉండేవాళ్లం.

మా ఇల్లు చిక్కడపల్లిలో, కూరగాయల మార్కెట్ దాటాక లోపలికి తిరిగే గల్లీలో ఉండేది. కింద మేం నలుగురం: నాన్నను కన్న బాపమ్మ, నాన్న, అమ్మ, నేను. పైన డాబా మీద ఒక్కటే రూము, దాని పక్కన స్నానం చేయడానికీ గిన్నెలు తోముకోవడానికీ ఓ జాలారి. ఆ జాలారి సరిగ్గా మా వంటింటి నెత్తి మీద ఉండేది. పై రూము ఎప్పుడూ కిరాయికే ఇచ్చేవాళ్లం. నాన్న బషీర్‌బాగ్‌లో గుమాస్తా. ఆఫీసు నుంచి నడిచొస్తూ నారాయణగూడ బేకరీలో ఉప్పు బిస్కెట్లు కట్టించుకొచ్చేవాడు. ఆ పొట్లం బాపమ్మ కంట పడకుండా లోపలికి చేర్చడం నా పని. బేకరీ సరుకు ఆమెకు అంటు. కానీ ఆ వాసన దాచడం ఎవరి తరం? బాపమ్మ ముక్కు ఎగబీల్చి, "ఎవరో ఏందో తింటున్నరు" అనేది, ఎటో చూస్తూ. నోట్లో బిస్కెట్టుతో నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

బాపమ్మకు మడి ప్రాణం. తెల్లవారుజామున తలస్నానం చేసి, ఎవరూ ముట్టకుండా దండెం మీద ఆరేసుకున్న చీర కట్టుకుని వంటింట్లోకి వెళ్లిందంటే, దేవుడికి నైవేద్యం పెట్టి తాను తినే వరకూ ఆమెను ముట్టకూడదు, ఆమె గిన్నెల్ని ముట్టకూడదు. మీ బాపమ్మ మడి కట్టుకుంటే కాకి కూడా దూరం జరిగి వాలుతుందని అమ్మ నా చెవిలో గొణిగేది. అలా అని బాపమ్మ రాక్షసి కాదు. ఆమె పచ్చిపులుసు చేస్తే గల్లీ మొగదల్లోనే నోరూరేది. నాకు జ్వరం వస్తే రాత్రంతా నిద్ర లేకుండా కాళ్లు రాసేది. ఈ మాట ముందే చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసిన దాన్నవుతాను.

ఆ ఏడు ఎండాకాలంలో మా ఇంటికి గ్యాస్ వచ్చింది. అంతవరకూ బాపమ్మ మడి వంట కట్టెల పొయ్యి మీదే. గ్యాస్ అనగానే ఆమె ససేమిరా అంది. ఏ చేతులు ముట్టిన సిలిండరో ఏమోనని దాన్ని పెరట్లో నిలబెట్టి పసుపు నీళ్లతో స్నానం చేయించాకే లోపలికి రానిచ్చింది. సిలిండర్‌కు బొట్టు కూడా పెట్టింది. నాన్న నవ్వు ఆపుకోలేక వాకిట్లోకి పారిపోయాడు. ఇక పొగ పీడ వదిలింది కదా అని మేస్త్రీని పిలిపించి నల్లబడిన వంటింటిని గీకించాడు. గోడలకూ పైకప్పుకూ మీగడ రంగు ఆయిల్ పెయింట్ వేయించాడు. గోడ పైభాగాన పొగ పోవడానికి ఓ కంత ఉండేది. దాంట్లో పావురాలు దూరి గలీజు చేసేవి. గ్యాస్‌కు పొగే లేనప్పుడు కంతెందుకని దాన్ని ఇటుకలతో మూయించేశాడు. వంటిల్లు అద్దంలా మెరిసింది. చుట్టాలొచ్చి చూసి మెచ్చుకున్నారు.

వానలు తగ్గుతుండగా పై రూములోకి ఓ అబ్బాయి కిరాయికి వచ్చాడు. నేను అతన్ని అన్నా అని పిలిచేదాన్ని. ఏదో పల్లె నుంచి వచ్చి సర్కారు నౌకరీ పరీక్షకు చదువుకుంటున్నాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక బొంత, గోనెసంచి నిండా కోఠిలో కొన్న పాత పుస్తకాలు తెచ్చుకున్నాడు. పెళ్లికాని పిల్లలకు ఇల్లివ్వడం నాన్నకు ఇష్టం లేదు గానీ, ఆ అబ్బాయి తలొంచుకుని మాట్లాడే తీరు నచ్చింది.

మొదటి రోజే అన్న బాపమ్మను "అవ్వా" అని పిలిచాడు. మా ఇండ్లల్లో అవ్వ అనరని బాపమ్మ ముఖం గంటు పెట్టుకుంది. అప్పట్నుంచి "బాపమ్మ గారూ" అనేవాడు. ఆ పిలుపు వినగానే అమ్మ కొంగు, నేను అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం. అదే రోజు బాపమ్మ, "మీరేమిటోళ్లు?" అని కులం అడిగేసింది. "వ్యవసాయం చేస్తం బాపమ్మ గారూ" అన్నాడు అన్న. ఆమె అడిగింది అది కాదు. అతనికీ ఆ సంగతి తెలుసు. నాన్న గొంతు సవరించుకుని, పైన ట్యాంకు ఎక్కడుందో చూపిస్తానంటూ అతన్ని తీసుకెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి బాపమ్మ మనసులో ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

నేను ఆరో తరగతి. సైన్సు అంటే నాకు గుండె దడ. సాయంత్రం బడి నుంచి రాగానే పుస్తకం పట్టుకుని డాబా ఎక్కేదాన్ని. అన్న తన చదువు పక్కన పెట్టి నాకు చెప్పేవాడు. బాష్పీభవనం, సాంద్రీకరణం అనే మాటలు నోరు తిరక్క నేను ఏడుపు ముఖం పెడితే, ఆ పేర్లు తర్వాత చూద్దాం, ముందు చోద్యం చూడమన్నాడు. సోడా బండి దగ్గర్నుంచి చిన్న బరఫ్ గడ్డ తెచ్చి స్టీలు గ్లాసులో వేసి నీళ్లు పోశాడు. కొంచెంసేపట్లో గ్లాసు బయటంతా చెమట పట్టినట్టు చుక్కలు.

గ్లాసు కారుతోందన్నాను నేను.

అన్న నవ్వి, మా దేవుడి గూట్లోంచి చిటికెడు కుంకుమ తెమ్మన్నాడు. బాపమ్మ చూడకుండా తెచ్చాను. గ్లాసు నీళ్లలో వేసి కలిపాడు. లోపల ఎర్రగా అయింది. బయటి చుక్కల్ని నా వేలితో తుడవమన్నాడు. తెల్లటి నీళ్లే. "కారితే ఎర్రగుండాలె గదా. ఇవి గ్లాసు నీళ్లు కావు, గాలిల నీళ్లు. కనపడయి గానీ ఎప్పటికీ మన చుట్టే ఉంటయి. సల్లటిది తగిలినంక బయటపడ్తయి" అన్నాడు. ఆకాశంలో కూడా అంతేనట. ఆవిరి పైకిపోయి చల్లబడుతుంది, కానీ ఊరికే చుక్క కాదు. పట్టుకోవడానికి దానికి ఓ దుమ్ము రేణువో, పొగ నలుసో కావాలి. దాని చుట్టూ చేరి చేరి మబ్బవుతుంది, మబ్బు బరువెక్కితే వాన. నాకెంత నచ్చిందంటే, మర్నాడు బడిలో టీచరు అడగకుండానే లేచి నిలబడి అంతా చెప్పేశాను. అన్న, నేను ఇద్దరం దాన్ని మబ్బుల పాఠం అనుకున్నాం. వంటింటి పాఠమని ఇద్దరికీ తట్టలేదు.

కార్తీకం వచ్చింది. చలి ముదిరింది. బాపమ్మ నెలంతా ఒంటిపూట భోజనం, తన చేత్తో మడిగా వండుకున్నదే. అంతకుముందు స్నానాల నీళ్లు పెరట్లో కట్టెల మీద కాగేవి. గ్యాస్ వచ్చాక ఆ పెద్ద నీళ్ల గుండిగ వంటింట్లోకే చేరింది. అది ఓ పొయ్యి మీద సలసల కాగుతుంటే, రెండో దాని మీద అన్నం ఉడికేది. బయటి వాళ్ల దృష్టి, గాలికి దుమ్ము పడకుండా కిటికీ మూసేసేది బాపమ్మ. వంటింట్లోకి తొంగి చూస్తే కొత్తబియ్యం గంజి వాసన వెచ్చగా ముఖానికి కొట్టేది. ఎంత హాయిగా ఉండేదో.

ఓ పొద్దున అన్నం వార్చి గిన్నె కింద పెట్టగానే పైనుంచి ఓ చుక్క టప్పున అందులో పడింది. బాపమ్మ తలెత్తి చూసింది. మీగడ రంగు పెయింటు మీద వరసగా చుక్కలు వేలాడుతున్నాయి. పైన జాలారిలో చెంబు చప్పుడవుతోంది. అన్న స్నానం చేస్తున్నాడు.

ఆ అన్నం ఆవుకు పోయింది. బాపమ్మ ఆ రోజు తినలేదు. "వాని పెయి కడిగిన నీళ్లు నా నైవేద్యంల పడ్డయి" అని సాయంత్రం వరకూ అంటూనే ఉంది. మా ఇంట్లో ఆ అనుమానం ముందే ఉంది. అన్న చెప్పిన ఆవిరిలాగా దానికి పట్టుకోవడానికి ఒకటి కావలసి వచ్చింది, దొరికింది.

నాన్న పైకి వెళ్లి చెప్పాడు. వెంటనే అన్న కిందికొచ్చి, వంటింటి గడప ఇవతలే నిలబడి, తప్పయిందని బాపమ్మకు దండం పెట్టాడు. ఆ సాయంత్రం ఎక్కణ్నుంచో కాగితం పొట్లంలో సిమెంటు తెచ్చుకుని, జాలారి మూలమూలలా మోకాళ్ల మీద కూర్చుని పూశాడు. నేను పక్కన కూర్చుని నీళ్లు పోశాను. అతని గోళ్ల నిండా సిమెంటు. రేపు పొద్దుగాలకు బరాబరవుతుందిలే అన్నాడు నాతో, తడి సిమెంటును వేలితో నున్న చేస్తూ.

మర్నాడు మళ్లీ చుక్కలు. ఆ తర్వాత అన్న పైన స్నానమే మానేశాడు. తెల్లవారకముందే టవలూ సబ్బూ పట్టుకుని, ఆ చలిలో అశోక్‌నగర్‌లో దోస్తు రూముకు నడిచి వెళ్లేవాడు. తడి తలతో వణుకుతూ తిరిగొచ్చేవాడు. అయినా చుక్కలు ఆగలేదు. చలి పెరిగిన కొద్దీ ఎక్కువయ్యాయి. మనం లేవకముందే దొంగతనంగా పోసుకుంటున్నాడని బాపమ్మ అంది. నేను పైకెళ్లి చూశాను, జాలారి ఎండిపోయి ఉంది. వచ్చి ఆ మాట చెప్తే, పిల్లముండ వాని పార్టీ అయిందని నన్నే తిట్టింది.

ఒకరోజు ఎవరూ లేనప్పుడు వంటింట్లో చుక్కల కింద నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఏ రుచీ లేదు. అప్పుడే బాపమ్మ చూసింది. గావుకేక పెట్టి, నన్ను పెరట్లోకి లాక్కెళ్లి, నోట్లో తులసి నీళ్లు పోసి పుక్కిలింపజేసి, బట్టలతోనే నెత్తి మీద చల్లనీళ్లు గుమ్మరించింది. అన్న డాబా పిట్టగోడ దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. నన్ను ఎందుకు కడుగుతున్నారో అతనికి తెలుసు. నేను తలెత్తి చూసేసరికి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు చలి కన్నా సిగ్గెక్కువైంది. ఆ తర్వాత సైన్సు పుస్తకం పట్టుకుని పైకి వెళ్లలేకపోయాను.

బాపమ్మ పట్టుదల మనిషి. చుక్క పడిన రోజల్లా పస్తే. పాలు, ఓ అరటిపండు, అంతే. కళ్లు లోతుకు పోయాయి. జపం చేస్తూ తూలి గోడ పట్టుకుంది. నాన్న అది చూశాడు. ఆదివారం అన్నను కిందికి పిలిచి, వరండాలో కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించాడు. చాలాసేపు పరీక్షల గురించే మాట్లాడాడు. చివరికి అన్నాడు.

"నీ పరీక్ష దగ్గరికొచ్చింది, నాకెర్కే. కని మా అమ్మ అన్నం ముడ్తలేదు బాబూ. జర ఇంకో రూము చూసుకో."

అన్న చాయ్ కప్పు కింద పెట్టాడు. "నాతోని పెద్దామె ఉపాసముండుడేంది సార్. పోత" అన్నాడు.

రెండు రోజుల్లో అడిక్‌మెట్‌లో, అప్పటికే కిక్కిరిసిన ఓ రూములో చోటు దొరికించుకుని వెళ్లిపోయాడు. రిక్షాలో ట్రంకు పెట్టె ఎక్కిస్తుంటే అమ్మ గడపలో నిలబడి చూసింది. అమ్మ అలా చూడటమే గానీ, మా ఇంట్లో ఏ విషయంలోనూ నోరెత్తింది లేదు.

అన్న వెళ్లిన మర్నాడు పొద్దున వంటింట్లో చుక్క పడింది.

బాపమ్మ చూడలేదు. ఆమె ముందురోజే కార్తీకం పూర్తయిందని కోఠిలో మా మేనత్త ఇంటికి వెళ్లింది. చూసింది అమ్మ, నేను, నాన్న. అమ్మ పీట ఎక్కి ఒక చుక్కను వేలితో తుడిచింది. గుండిగ వైపు చూసింది, మూసేసిన కంత వైపు చూసింది. నాకు అప్పుడు వెలిగింది. గ్లాసు, బరఫ్, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "నాన్నా, అవి ఆవిరి నీళ్లు. పైకెల్లి కారుతలెవ్వు. మన గుండిగ ఆవిరే సల్లటి కప్పుకు తగిలి చుక్కలైతున్నయి. అన్న చెప్పిండు" అన్నాను.

నాన్న నా వైపు చూడలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని ఆఫీసుకు వెళ్లిపోయాడు. పోయి ఆ అబ్బాయిని పిలుచుకొస్తాడని నేను సాయంత్రం దాకా ఎదురుచూశాను. ఒట్టి చేతులతో వచ్చాడు. తల్లికి ఏమని చెప్పాలి, ఆ పిల్లవాడికి ఏమని చెప్పాలి? అతనికి రెండూ చేతకాలేదు. ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మా నాన్న మీద నాకు జీవితంలో మొదటిసారి గౌరవం తగ్గింది.

ఆ మధ్యాహ్నమే, నాన్న ఆఫీసులో ఉండగా, అమ్మ రోకలి తీసుకుని, పీట మీద పీట వేసి, ఆ కంతలో ఇటుకల్ని తానే పొడిచి పడగొట్టింది. సాయంత్రం నాన్న చూసి, మంచిగ చేసినవన్నాడు. మర్నాటి నుంచి పైకప్పు పొడిగా ఉంది.

బాపమ్మ తిరిగొచ్చి పైకప్పు చూసుకుని మురిసిపోయింది. "చూసిన్రా? వాడు పోయిండు, చుక్క బందైంది" అంది. కంత తెరిచి ఉండటం ఆమె కంటికి ఆనిందో లేదో, అడగలేదు. నేను నోరు తెరవబోయాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, హోంవర్క్ చేసుకోమన్నాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది.

చలి ఇంకా పూర్తిగా పోకముందే ఒక పొద్దున అన్న వచ్చాడు. నాన్న అప్పుడే ఆఫీసుకు వెళ్లిపోయాడు. ఊరికెళ్లి వస్తున్నాడట, చేతిలో పచ్చి పల్లికాయ సంచి. వండినవి మేం తీసుకోమని అతనికి తెలుసు. పచ్చివి మట్టిలోంచి పీకినవే కాబట్టి వాటికి అంటు లేదు. వాకిట్లోనే నిలబడ్డాడు. పరీక్ష ఎట్ల రాసినవని అమ్మ అడిగింది. "రాసిన అక్కా. అంత మంచిగ కాలె. రూముల మంది ఎక్కువ, చదువుకోరాలె" అన్నాడు. తర్వాత తాను వచ్చిన పని అడిగాడు.

"బాపమ్మ గారూ, ఇప్పుడు అన్నం తింటున్నరా?"

బాపమ్మ ఎంతో ప్రేమగానే చెప్పింది. "తింటున్న బిడ్డా. నువ్వు పోయినంక ఒక్క చుక్క పడలె."

అన్న ఊపిరి పీల్చుకుని నవ్వాడు. నవ్వుతూనే వంటింటి వైపు తిరిగాడు. వంటింట్లో అన్నం ఉడుకుతోంది. గోడ పైన కొత్తగా తెరిచిన కంతలోంచి ఆవిరి తెల్లగా తోసుకొచ్చి, చలిగాలిలో చిన్న మబ్బుగా మారి కరిగిపోతోంది. కంత చుట్టూ విరిగిన ఇటుక అంచులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అన్న దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది గానీ అందులోంచి అతను వెళ్లిపోయాడు. తర్వాత అమ్మ వైపు చూశాడు. అమ్మ తల దించుకుంది. నేను అమ్మ కొంగు వెనక్కి జరిగాను.

"మంచిగైంది బాపమ్మ గారూ. తినుండ్రి" అన్నాడు. సంచి గడప మీద పెట్టి వెళ్లాడు. మళ్లీ రాలేదు. అతనికి నౌకరీ వచ్చిందో లేదో, ఎక్కడున్నాడో మాకు తెలియదు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ నాన్నతో చెప్పింది, ఆ పిల్లవాడు వచ్చి వెళ్లాడని, కంత చూశాడని. నాన్న ముద్ద చేతిలో పట్టుకుని, "ఏమన్నడు?" అన్నాడు.

"ఏమనలె."

"ఏదన్న అంటె బాగుండు" అన్నాడు నాన్న. పళ్లెంలో చెయ్యి కడుక్కుని లేచాడు.

నాన్న ఆ ఒక్క మాటలో మారిపోయాడని నేను చాలా ఏళ్లు నమ్మాను. బాపమ్మ పోయేనాటికి నా డిగ్రీ అయిపోయింది. పన్నెండో రోజు చుట్టాలంతా బంతిలో కూర్చుని ఆమె నిష్ఠ గురించి చెప్పుకున్నారు. ఓ పెదనాన్న ఆ కార్తీకం కథ ఎత్తుకున్నాడు: పై రూములో ఎవడో కులం దాచి చేరాడు, వాడి నీళ్లు వంటలో పడ్డాయి, మహాతల్లి పస్తులుండి వాణ్ని వెళ్లగొట్టింది, మరునాటి నుంచి చుక్క పడితే ఒట్టు. అందరూ చేతులెత్తి దండం పెట్టారు. అవునా అని నాన్నను అడిగారు. నాన్న తల ఊపాడు. వంటింటి గుమ్మంలో అమ్మ కదలకుండా నిలబడింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చేతిలో మజ్జిగ చెంబు ఉంది. వంగి, ఇంకొంచెం పోయమంటారా పెదనాన్నా అని అడిగాను.